సరుకు చూసి కాదు, అరువు చూసి



వ్యవసాయం రాసుకునే పేజీలో సిమెంటు, ఇటుకల గోలేంటి అని కొందరు అడుగుతారని తెలుసు. ముందే చెప్తా. కోతలయ్యాక మన ట్రాక్టర్లు ఎక్కడికి పోతున్నాయి? సైట్లకి. మన చేలల్లో పైమట్టి ఎక్కడికి పోతోంది? ఇటుక బట్టీకి. నాలుగేళ్ళు పంట బాగా పండి నాలుగు రూపాయలు మిగిలితే ఆ డబ్బు ఎక్కడికి పోతోంది? ఇల్లు కట్టడానికి. ఈ మూడు దారులూ వెళ్ళి ఒక్క మనిషి దగ్గర కలుస్తాయి. ఆయనే కాంట్రాక్టరు. ఆయన సరుకు ఎవరి దగ్గర తీసుకుంటాడు, వాళ్ళ దగ్గరే ఎందుకు తీసుకుంటాడు, డబ్బు ఎప్పుడిస్తాడు అన్నది మనకి సంబంధం లేని విషయం కాదు. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

అసలు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. మన చుట్టుపక్కల కాంట్రాక్టర్లలో ఎక్కువమంది సప్లయర్‌ని సరుకు చూసి ఎంచుకోరు. రేటు చూసి కూడా ఎంచుకోరు. అరువు చూసి ఎంచుకుంటారు. ఎవడు ఎక్కువ రోజులు ఆగగలిగితే వాడే సప్లయరు. వాడి ఇటుకే మంచి ఇటుక, వాడి ఇసుకే మంచి ఇసుక.

అరువు తీసుకోవడం పాపమా అంటారు. కాదు. మనం బతికేదే అరువు మీద. కానీ అరువు ఒకసారి మొదలయ్యాక ఏం జరుగుతుందో మనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. ఎరువుల కొట్టు గుర్తు తెచ్చుకోండి. జూన్‌లో కట్టలూ మందులూ ఖాతాలో రాయించుకుంటాం. మొలక సరిగ్గా రాలేదనుకోండి, మందు పని చెయ్యలేదనుకోండి, వెళ్ళి గట్టిగా అడగ్గలమా? అడగలేం. పుస్తకంలో మన పేరు మీద పాత బాకీ ఉంటుంది. చాలాచోట్ల పంట కూడా ఆ కొట్టాయన చెప్పిన రేటుకి ఆయనకే వెయ్యాలి. బాకీ ఉన్నవాడికి నోరుండదు. ఇది మన అనుభవం.

ఇప్పుడు అదే లెక్క సైటు మీద పెట్టి చూడండి.

సిమెంటు షాపులో కాంట్రాక్టరుకి లక్షల్లో బాకీ ఉంది. షాపాయన 50 బస్తాలు పంపాడు. అందులో 10 బస్తాలు పాత స్టాకు, గడ్డ కట్టడం మొదలైంది. వెనక్కి పంపాలి. పంపుతాడా? పంపితే షాపాయన ఒకే మాట అంటాడు: "అయితే పాతది సెటిల్ చేసి ఇంకో షాపు చూసుకో అన్నా". ఆ మాటతో కాంట్రాక్టరు నోరు మూతపడుతుంది. గడ్డలు చేత్తో నలిపేసి కలిపేస్తారు. మీరు సైటుకి వెళ్ళేసరికి ప్లాస్టరింగ్ అయిపోయి ఉంటుంది.

రెండోవైపు కూడా చూడండి. షాపాయనకి కూడా నోరుండదు. "ఇక ఇవ్వను" అంటే పాత బాకీ మునుగుతుందని భయం. అందుకని ఇంకో లోడు పంపుతాడు. పంపేటప్పుడు మంచి సరుకు నగదు ఇచ్చేవాడికి పెట్టి, మిగిలింది అరువువాడికి పంపుతాడు. ఆయన్ని తప్పు పట్టలేం, ఎవడైనా అంతే చేస్తాడు. ఇద్దరి నోళ్ళూ ఒకే తాడుతో కట్టేసి ఉన్నాయి. ఆ తాడు పేరు అరువు. ఇద్దరి మధ్య నలిగేది మాత్రం ఆ పుస్తకంలో పేరే లేనివాళ్ళు. ఒకరు ఇంటాయన. ఇంకొకరు వెనకాల ట్రాక్టరు తోలినవాడు, మట్టి ఇచ్చినవాడు.

పైగా ఈ అరువు ఉత్తిగా రాదు. ఉదాహరణకి నగదు ఇస్తే బస్తా 320, రెండు నెలలు ఆగితే 340 అనుకుందాం. ఇరవై రూపాయలే కదా అనిపిస్తుంది. లెక్క కట్టండి. 320 మీద 20 అంటే ఆరుంపావు శాతం, అదీ రెండు నెలలకి. అంటే నూటికి నెలకి మూడు రూపాయల పైచిలుకు వడ్డీ. ఊళ్ళో వడ్డీ వ్యాపారి నూటికి మూడంటే రక్తం పీలుస్తున్నాడని తిడతాం. సిమెంటు బస్తాలో దాక్కుని వస్తే దాన్ని "మార్కెట్ రేటు" అంటాం. ఆ వడ్డీ కాంట్రాక్టరు జేబులోంచి పోతుందా? పోదు. అడుగుకి ఇంత అని మీకు చెప్పిన రేటులో అది ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. కలవలేదంటే సరుకులో కోత పడుతుంది. మూడో దారి లేదు.

సరే, కాంట్రాక్టర్ల తరఫున చెప్పే మాటలు కూడా విందాం. ఒకవైపే మాట్లాడితే న్యాయం కాదు.

మొదటి మాట: "మాకే బిల్లులు రావు, మేమెక్కడ్నించి తెచ్చిస్తాం?" ప్రభుత్వ పనుల విషయంలో ఇది నూటికి నూరుపాళ్ళూ నిజం. రెండు రాష్ట్రాల్లోనూ ఏ పార్టీ ఉన్నా పెండింగ్ బిల్లుల కోసం కాంట్రాక్టర్లు ధర్నాలు చేయడం చూస్తూనే ఉన్నాం. ఊరికి రోడ్డేసి బిల్లు రాక ఆస్తులు అమ్ముకున్న చిన్న కాంట్రాక్టర్లూ ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ప్రభుత్వం కాంట్రాక్టరుకి ఇవ్వకపోతే కాంట్రాక్టరు క్రషర్‌కి ఇవ్వడు, క్రషర్ టిప్పర్‌కి ఇవ్వదు, చివరికి డ్రైవరు జీతం ఆగుతుంది. పై నుంచి ఆగిన నీళ్ళు చివరి మడి దాకా రావు. చివరి మడి ఎప్పుడూ చిన్నవాడిదే.

కానీ సొంతిల్లు కట్టించుకునేవాడి సంగతేంటి? ఆయన దగ్గర పునాదికి ముందే అడ్వాన్సు తీసుకుంటారు. బేస్‌మట్టానికి ఇంత, లింటెల్‌కి ఇంత, స్లాబుకి ఇంత అని పని కంటే ముందే డబ్బు అడుగుతారు. అక్కడ డబ్బు ముందొచ్చింది కదా, మరి ఇటుక ఎందుకు అరువు? ఎందుకంటే ఈ సైటు డబ్బు పోయిన సైటు బాకీకి పోయింది. ఈ సైటు బాకీ రాబోయే సైటు డబ్బుతో తీరుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. ఒక సైటు మధ్యలో ఆగిందంటే గొలుసు మొత్తం తెగుతుంది. ఆ రోజు ఫోన్ స్విచ్చాఫ్.

రెండో మాట: "తక్కువ రేటుకి వేస్తేగానీ పని రాదు." ఇదీ నిజమే. టెండర్లలో ఇంత శాతం లెస్‌కి వేశానని గొప్పగా చెప్పుకుంటారు. ఆ లెస్ ఎక్కడ్నించి వస్తుందో ఎవరైనా అడిగారా? ఇనుము ఫ్యాక్టరీ రేటు తగ్గించదు. డీజిల్ బంకువాడు తగ్గించడు. తగ్గించగలిగేది ఇద్దరి దగ్గరే. మాట్లాడలేని సరుకు దగ్గర, ఎదురు మాట్లాడలేని మనిషి దగ్గర. ఇటుక బట్టీ, ఇసుక ట్రాక్టరు, కంకర టిప్పరు, కూలీ. లెస్ అంతా వీళ్ళ వీపు మీద వేసిందే.

మూడో మాట, నాకు అన్నిటికంటే ఒళ్ళు మండించే మాట: "ఇది నమ్మకం మీద నడిచే వ్యాపారం." నమ్మకమట! నమ్మకమైతే రెండువైపులా ఉండాలి కదా. మా దగ్గరి బంధువొకతను ఒక రోడ్డు పనికి గ్రావెల్ తోలాడు. సొంత ట్రాక్టరు, సొంత డీజిలు. వారం వారం ఇస్తామన్నారు. రెండు వారాలు ఇచ్చారు, ఆ తర్వాత నమ్మకం మొదలైంది. సంక్రాంతికన్నారు, ఉగాదికన్నారు. ఇతని దగ్గర ట్రిప్పుల లెక్క నోట్‌బుక్కులో ఉంది, దాని మీద అవతలివాళ్ళ సంతకం ఒక్కటీ లేదు. చివరికి "అన్ని ట్రిప్పులు తోలలేదు" అన్నారు. ట్రాక్టరు కిస్తీ కట్టాల్సిన రోజు మాత్రం ఫైనాన్స్ వాళ్ళు నమ్మకం మీద ఆగలేదు. ఇంటావిడ గాజులు బ్యాంకులోకి వెళ్ళాయి. కాంట్రాక్టరు పెట్టుబడి ఆవిడ గాజులన్నమాట. ఆయన కట్టిన రోడ్డు మీద ఆవిడ వాటా ఎంతో ఏ శిలాఫలకం మీదా రాయరు.

ఇటుక దగ్గరికి వద్దాం. బట్టీ యజమాని కాంట్రాక్టరుకి మూడు నెలలు అరువిస్తాడు. తను ఎలా తట్టుకుంటాడు? కూలీలకి పని మొదలుకాక ముందే ఇచ్చిన అడ్వాన్సు చూపించి సీజనంతా కట్టేసుకుంటాడు. ఒడిశాలోని బలంగీర్, నువాపాడ జిల్లాల నుంచి భార్యాపిల్లలతో సహా వచ్చి మన తెలుగు రాష్ట్రాల బట్టీల్లో పని చేసేవాళ్ళు అలా అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్ళే. లెక్క తేలేది సీజన్ చివర. రెండోది, మట్టి. మట్టి ఇచ్చిన రైతుకి సగం ఇచ్చి, మిగతాది "ఇటుక అమ్ముడుపోయాక" అంటాడు.

ఆ మట్టి విలువ ఎంతో ఎప్పుడైనా లెక్కేశారా? నేను వేశా. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. అరడుగు లోతు తీస్తే 21,780 ఘనపుటడుగులు. 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 ఎత్తు ఇటుక అనుకుంటే ఒక ఘనపుటడుగులో 14 ఇటుకలు. తరుగు పక్కన పెడితే ఎకరానికి అరడుగు మట్టిలో దాదాపు 3 లక్షల ఇటుకలు. ఒక్కో ఇటుక ఇవాళ మీ ఊళ్ళో ఎంతో మీకే తెలుసు, గుణించుకోండి. అందులో మీకొచ్చింది ఎంతో చూసుకోండి. పైగా ఆ అరడుగులోనే చేను సారమంతా ఉంది. మీ తాత వేసిన పెంట, మీ నాన్న కట్టిన గొర్రెల మంద, అంతా ఆ పైపొరలోనే ఉంది. అది పోయాక కింద మట్టిలో పంట పండటానికి ఏళ్ళు పడుతుంది. అలాంటిదాన్ని అరువుకిచ్చి, డబ్బు కోసం బట్టీ చుట్టూ తిరుగుతున్నాం.

ఇక కమీషన్ల సంగతి. మేస్త్రి ఫలానా షాపులోనే కొనమన్నాడంటే ఆ షాపులో సరుకు బాగుంటుందని మీరనుకుంటారు. కొన్నిసార్లు నిజమే. ఎక్కువసార్లు షాపాయన ఆయనకి బస్తాకి ఇంత, టన్నుకి ఇంత అని పక్కన పెడతాడు. రంగు డబ్బాల్లో పెయింటర్లకి టోకెన్లు వస్తాయని అందరికీ తెలుసు. మేస్త్రిలకి పాయింట్లు, బహుమతులు, టూర్లు ఇచ్చే కంపెనీలున్నాయి. డబ్బు మీది, డబ్బా మీది, టోకెన్ మాత్రం పెయింటరుది. ఆ టోకెన్‌లో విలువ కూడా మీరు కొన్న రేటులోనే ఉంది. పని చేసిన మేస్త్రికి మంచి కూలి ఇద్దాం, అడిగినంతా ఇద్దాం. కానీ మన తరఫున సరుకు ఎంచేవాడు అవతలివాడి దగ్గర జీతం తీసుకోకూడదు. పశువుల సంతలో మన తరఫున బేరమాడే దళారి అమ్మేవాడి చేతిలో తువ్వాలు కింద వేలు పట్టుకుంటే ఏమంటాం?

చట్టం లేదా అంటే, ఉంది. 2006లో వచ్చిన ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం ప్రకారం చిన్న సప్లయరుకి ఒప్పందంలో రాసుకున్న గడువులోపు ఇవ్వాలి, ఆ గడువు కూడా 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ఇన్‌కంటాక్స్‌లో కూడా ఒక నిబంధన తెచ్చారు. గడువు దాటి ఇచ్చిన డబ్బుని నిజంగా ఇచ్చిన ఏడాదిలోనే ఖర్చు కింద చూపించాలి. కానీ ఇది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారులకి, సేవలు అందించేవాళ్ళకి. ఇటుక బట్టీ, క్రషరు ఇందులోకి వస్తాయి. తెచ్చి అమ్మే షాపువాడికి ఈ రక్షణ లేదు. చేలో మట్టి ఇచ్చిన రైతుకి అసలే లేదు. ఉన్నవాళ్ళు కూడా వాడుకోరు. కౌన్సిల్‌కి ఫిర్యాదు చేస్తే బాకీ వస్తుందేమో గానీ, ఇంకో ఆర్డరు రాదు. ఆ భయమే కాంట్రాక్టరుకి ఆస్తి.

తిట్టి ఊరుకోవడం నా పద్ధతి కాదు. ఏం చెయ్యాలో చెప్తా.

ఇల్లు కట్టించుకునేవాళ్ళకి. వీలున్నంతవరకు లేబర్ కాంట్రాక్టు వేరు, మెటీరియల్ వేరు పెట్టుకోండి. సరుకు మీరే కొనండి, నగదు రేటు అడగండి, బిల్లు మీ పేరు మీద రాయించుకోండి. అంత తీరిక లేక మెటీరియల్‌తో కలిపి ఇస్తే, ఏ సిమెంటు, ఏ ఇనుము, ఏ బట్టీ ఇటుక అన్నది కాగితం మీద రాయించండి. విడత డబ్బు ఇచ్చేముందు పోయిన విడత సరుకుకి షాపులో కట్టిన రసీదు అడగండి. లేదంటే అంతమేరకు మీరే నేరుగా షాపులో కట్టి తగ్గించుకోండి. అలా అన్నప్పుడు కాంట్రాక్టరు మొహం చూడండి. మంచోడైతే సరే అంటాడు.

సరుకు వచ్చిన రోజు మీరు అక్కడుండండి. సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చేసి ఉంటాయి. మూడు నెలలు దాటింది దింపుకోకండి. ఇనుముకి ఒక చిన్న లెక్కుంది. ఎం.ఎం. సైజుని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎం.ఎం. అయితే 144ని 162తో భాగిస్తే 0.889 కిలోలు. 12 మీటర్ల ఊచ 10 కిలోల 670 గ్రాములు దాకా ఉండాలి. 12 ఎం.ఎం.కి 5 శాతం తేడా వరకు ఐ.ఎస్.ఐ. ప్రమాణమే ఒప్పుకుంటుంది, అంతకంటే తగ్గితే ఊచ సన్నం. సన్నపు ఊచ ముక్కల లెక్కన కొంటే డబ్బు పోతుంది, తూకం లెక్కన కొంటే బలం పోతుంది. ఇసుక తడిగా ఉంటే ఉబ్బుతుంది, నాలుగో వంతు దాకా ఎక్కువ కనపడొచ్చు. ఒక డబ్బాలో తడి ఇసుక నింపి నీళ్ళు పోసి చూడండి, ఎంత కిందకి దిగిందో మీకే తెలుస్తుంది. ఆంధ్రాలో 2024 జూలై నుంచి ఇసుక ఉచితం అన్నారు. మీరు కట్టేదంతా తవ్వకం, రవాణా ఖర్చులే. అందుకే ట్రక్కు కొలత ముఖ్యం.

ట్రాక్టర్లు ఉన్నవాళ్ళకి. ట్రిప్పుకి రెండు చీటీలు, రెండింటి మీదా సైటు సూపర్‌వైజరు సంతకం. సంతకం పెట్టనంటే దింపకండి. రెండు వారాల బాకీ దాటితే బండి ఆగాలి. ఒక్కడు ఆపితే పక్క ఊరి ట్రాక్టరు వస్తుంది. అందుకే ఊళ్ళో ట్రాక్టర్ల వాళ్ళంతా కూర్చుని ఒకే మాట అనుకోండి. ఒక కాంట్రాక్టరు ఒక ట్రాక్టరుకి బాకీ ఉంటే, అది తీరేదాకా ఇంకో ట్రాక్టరు వెళ్ళకూడదు. కాలవ నీళ్ళకి వంతులు పెట్టుకోవడం తెలిసిన ఊళ్ళకి ఇది కష్టమేం కాదు.

మట్టి అమ్మేవాళ్ళకి. అసలు అమ్మొద్దనే చెప్తా. మెరక తగ్గించక తప్పదంటే ముందు పైమట్టి ఒక పక్కకి లాగించి, అడుగు మట్టి ఇచ్చి, పైమట్టి మళ్ళీ పరిపించుకోండి. ట్రక్కుల లెక్క వద్దు, గుంత కొలవండి. చేను మధ్యలో ఒక దిమ్మె తవ్వకుండా వదిలెయ్యమనండి. ఎంత లోతు తీశారో ఆ దిమ్మె చెప్తుంది, అబద్ధం ఆడదు. డబ్బు పొక్లెయిన్ చేలో దిగకముందే తీసుకోండి. తవ్విన మట్టి తిరిగి రాదు కాబట్టి దాని డబ్బు వాయిదా మీద ఉండకూడదు.

మంచి కాంట్రాక్టర్లు లేరని నేననను. ఉన్నారు. వాళ్ళని గుర్తుపట్టడం కూడా తేలికే. ఆయన కట్టిన ఇళ్ళు చూడకండి, కొత్త ఇల్లు ఎవడు కట్టినా బాగానే కనపడుతుంది. ఆయనకి ఇటుక తోలిన ట్రాక్టరు డ్రైవర్ని టీ కొట్టు దగ్గర కలిసి ఒక్క ప్రశ్న అడగండి: "ఆయన డబ్బులు ఎన్ని రోజులకిస్తాడు?" వారానికి ఇస్తాడంటే ఇల్లు ఆయనకే ఇవ్వండి, అడుగుకి పది రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. వారానికి డబ్బిచ్చేవాడు చెడ్డ ఇటుక వెనక్కి పంపగలడు. ఆ పది రూపాయలు ఎగస్ట్రా ఖర్చు కాదు. చెడ్డ సరుకుని వద్దనగలిగే నోరు కొనుక్కుంటున్నారన్నమాట.

డ్రైవరు నవ్వి తల పక్కకి తిప్పుకున్నాడంటే, మీ అడ్వాన్సు మీ దగ్గరే ఉంచుకోండి.